ఉతకని గౌను

మే 2

మంచం దిగని మహారాణి గారికి,

నవ్వకు. నవ్వితే పొట్ట కదులుతుంది, పొట్ట కదిలితే మీ డాక్టరమ్మ నన్నంటుంది. ఫోన్లు వద్దని ఆవిడ అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది కానీ, ఆలోచిస్తే నిజమే. మొన్న ఫోనులో నువ్వు "అమ్మలూ" అన్నావు, నీ కూతురు ఇక్కడ నోరు మెదపలేదు, నువ్వక్కడ ఏడ్చావు, నీ బీపీ పైకెక్కింది, మధ్యలో నేను ఇద్దరి మీదా అరిచాను. ఉత్తరమైతే ఎవరు ఏడ్చినా కాగితమే తడుస్తుంది.

నీ బుడంకాయ క్షేమం. నిన్నటి నుంచి నాతోపాటు జూకి వస్తోంది. నా సంగతి నీకు తెలిసిందే కదా, వేసవి సెలవులొస్తే పిల్లల క్యాంపు మొత్తం నా నెత్తిన పడుతుంది. పొద్దున తల్లులు వదిలేసి పోతారు, సాయంత్రం వచ్చి పట్టుకెళ్తారు. ఆ మధ్యలో పిల్లల్ని జంతువులు తినకుండా, జంతువుల్ని పిల్లలు తినకుండా చూసుకోవడమే నా ఉద్యోగం. రెండోదే కష్టం.

నీ కూతురు ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని నీకెందుకు చెప్పడం. మా ఇంట్లో మీ బావని "గురక పెట్టకు పెదనాన్నా" అని లేపి కూర్చోబెట్టిన మనిషి, క్యాంపు గేటు దాటగానే నా చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు. క్యాంపు పిల్లలందరికీ ఆకుపచ్చ చొక్కా ఇస్తాం. వద్దంది. నువ్వు పంపే ముందు కుట్టిన పసుపు గౌను తప్ప ఇంకోటి ఒంటిమీదకి రానివ్వదట. సరే, మందలో అదొక్కతే పసుపుపచ్చ. తప్పిపోయినా దొరుకుతుంది.

నువ్వు మాత్రం బుద్ధిగా పడుకో. కాజాలు కుట్టడం కూడా వద్దు. నాకు తెలుసు నీ సంగతి.

అక్క

మే 6

జంతువుల పెద్దమ్మకి,

ఎడమ పక్కకే తిరిగి పడుకోమన్నారు. ఎడమ పక్కన గోడ. గోడ మీద మీ మరిది కొట్టిన మేకు, మేకుకి వేలాడేది ఏమీ లేదు. ఇప్పుడు ఆ మేకుతో నాకు మంచి స్నేహం కుదిరింది. కుడి పక్కన నా కుట్టుమిషను, దాని మీద దుప్పటి. అటు తిరిగితే తిడతారు. ఆయన తెల్లవారకుండానే బస్సు ఎక్కాలి. కండక్టరు లేకపోతే బస్సు కదలదు మరి. పోయే ముందు గుడ్డు ఉడకబెట్టి పోతాడు. అది గుడ్డో రాయో నేను పళ్ళు పెట్టాకే తెలుస్తుంది.

దాని సంగతి కొన్ని చెప్తాను, మర్చిపోకు. గుడ్డులో తెల్లదే తింటుంది, పచ్చది దాచిపెడుతుంది, దిండు కింద వెతుకు. తలలో చిక్కు తీసేటప్పుడు ఏదో ఒక కథ చెప్తూ ఉండాలి. నిద్రపోవాలంటే నా ఎడమ చెవి పట్టుకోవాలి. నీ చెవి ఇవ్వు. నొప్పెడుతుంది, ఓర్చుకో.

ఒక మాట అడుగుతాను. అది నన్ను అడుగుతోందా? పాప పుట్టబోతోందని చెప్పినప్పుడు "ఎక్కడ పడుకుంటుంది?" అని ఒక్కటే అడిగింది. నా పక్కనే అన్నాను. దాన్ని నీ దగ్గరికి పంపిన రోజు డాక్టరమ్మ దాని ముందే "అమ్మని ఎవరూ కంగారు పెట్టకూడదు" అంది. అది విందో, అప్పుడు బొమ్మతో ఆడుతోందో నాకు గుర్తులేదు. నా పిల్లని నేనే పక్కకి నెట్టేసినట్టుంది అక్కా.

గోడకి ఎదురుగా, నీ చెల్లి

మే 11

పిచ్చిదానా,

నెట్టేయడమేంటి, సెలవులకి పెద్దమ్మ ఇంటికి పంపడాన్ని నెట్టేయడం అంటారా? నీ కూతురు ఇక్కడ రాజ్యమేలుతోంది. విను.

ఎండలు మండుతున్నాయి కదా, ఎలుగుబంట్ల కోసం బకెట్లలో పండ్ల ముక్కలు వేసి, నీళ్ళు పోసి గడ్డకట్టిస్తాం. ఆ ముక్కలు తరిగే పని పిల్లలది. మొదట్లో ఇది నా వెనకాలే నిలబడి చూసింది. పక్కవాడు అరటిపండు తొక్కతో సహా పడేస్తుంటే ఆగలేక "తొక్క తీయాలి" అని అరిచింది. ఎలుగుబంటి తొక్కతోనే తింటుందట, తర్వాత తెలిసింది. కానీ అప్పటికే అందరూ దీని మాట విని తొక్కలు తీసేశారు. అలా అయింది మీ అమ్మాయి నాయకురాలు.

దానికి బాగా నచ్చింది మాత్రం నీటికుక్క. నువ్వు చూసుండవు. ముంగిసకి పెద్దన్నలా ఉంటుంది, నీళ్ళలో పడితే చేపకి మేనమామ. మా జూలో ఒక ముసలిది ఉంది. దాని తోడుది చలికాలంలో పోయింది, అప్పటి నుంచి ఒంటరిది. ఇప్పుడు ఇంకో ఊరి నుంచి చిన్నదాన్ని తెచ్చి జత చేస్తున్నారు. చిన్నది ప్రస్తుతానికి పక్కగదిలో ఉంది. వీటిని చూసుకునే ఆయన్ని మేం గొణుగుడు మేస్త్రి అంటాం. ఆయన మాట్లాడితే ఆయన మీసానికే వినిపిస్తుంది. పిల్లలకి ఏదో వివరంగా చెప్తుంటాడు. నేను వెనక తలకాయలు లెక్కపెట్టుకునే పనిలో ఉంటాను కాబట్టి నాకు ఒక్క ముక్క తెలీదు. నీ కూతురికి మాత్రం అన్నీ వినిపిస్తాయిలా ఉంది, అద్దానికి ముక్కు ఆనించి గంటలు గంటలు కూర్చుంటుంది.

నువ్వడిగినదానికి జవాబు. నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు! ఒట్టు. కాబట్టి దిగులు పెట్టుకోకుండా హాయిగా పడుకో.

చెవి వాచిన అక్క

మే 15

అక్కా,

ఉత్తరం అందింది. సంతోషం. ఒక్కసారి కూడా అడగలేదన్నావు కదా, ఇంకేం కావాలి. పిల్లలు అంతేలే. అన్నం పెట్టినవాళ్ళే అమ్మ.

మీ మరిదికి చదివి వినిపిస్తే నవ్వాడు. నీటికుక్క దొరికితే తను కూడా నన్ను మర్చిపోతానన్నాడు. దిండు విసిరాను. అదే నాకు దొరికిన వ్యాయామం.

దానికి నాతో ఏమైనా కుట్టించుకోవాలని ఉందేమో కనుక్కో. మిషను ఎక్కకూడదు గానీ సూదీ దారం పట్టుకోవచ్చని డాక్టరమ్మ ఒప్పుకుంది. ఏమీ వద్దంటే వద్దులే. బలవంతం చెయ్యకు.

చెల్లి

మే 20

అలిగిన చెల్లికి,

"అన్నం పెట్టినవాళ్ళే అమ్మ"ట! నీ అలక నాకు తెలీదా? చిన్నప్పుడు నా గాజు గోలీ పగలగొట్టి, నేను తిట్టకపోతే "నన్ను పట్టించుకోవట్లేదు" అని అలిగినదానివి నువ్వు. ఇదిగో, ఈ పార్శిల్ విప్పు, నీ అలక తీరుతుంది.

నువ్వడగమన్నట్టే అడిగాను, అమ్మతో ఏం కుట్టించుకుంటావే అని. ఆ రోజు నుంచి పసుపు గౌను ఉతకనిస్తే ఒట్టు. అంతకుముందు సాయంత్రం విప్పించి ఉతికి, పొద్దున తొడిగేదాన్ని. ఈ మూడు రోజులూ అదే ఒంటిమీద. చేపల బకెట్ల దగ్గర అదే, ఏనుగు పేడ ఎత్తే పోటీలో అదే, పడుకునేది అదే. మీ బావ అన్నం కంచం తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు. ఇవాళ పొద్దున తనంతట తనే విప్పింది. మడత పెట్టి సంచిలో పెట్టింది. "అమ్మకి పంపు పెద్దమ్మా. నువ్వు ఉతక్కు" అంది. ఎందుకే అంటే "అమ్మకి తెలుస్తుంది" అంది.

సంచి లాక్కుని చూశాను. కింద హెమ్మింగు సగం ఊడి వేలాడుతోంది. అప్పుడర్థమైంది. మరమ్మత్తు కూడా అమ్మ చేతిదే కావాలి, ఉతుకుడు కూడా అమ్మదే కావాలి. నా ఉతుకుడు మీద నమ్మకం లేదు, పోయినేడు దాని తెల్ల గౌనుని నేను గులాబీ రంగు చేశాను కదా. నిన్ను అడగలేదని రాశానే, చూడు, అడిగే పద్ధతి ఇది.

పార్శిల్ విప్పేటప్పుడు కిటికీలు తెరిచిపెట్టుకో.

ప్రేమతో, ముక్కు మూసుకుని,
అక్క

మే 25

బంగారు అక్కా,

నా తల్లే, నా తల్లే! ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆయన ఆ సంచిని చేయి చాచి దూరంగా పట్టుకుని "ఇందులో ఏదైనా చచ్చిందా?" అన్నాడు. నేనేమో నవ్వు, ఏడుపు, రెండూ.

నీకు తెలుసు కదా, ఉతకని బట్ట మీద నేను సూది పెట్టను. పని నేర్చుకున్న మొదటి రోజు మా మాస్టారు చెప్పిన మాట అది, ఇన్నేళ్ళలో తప్పలేదు. అందుకని ఆయనకి మంచం మీది నుంచే చెప్పి ఉతికించాను. నానబెట్టి, సబ్బు పెట్టి, రెండు నీళ్ళు మార్చి, మళ్ళీ ఒకసారి. మొదటి నీళ్ళు చూసి కాలవ అనుకున్నాడు పాపం. ఆఖరి నీళ్ళలో నా పెట్టెలో ఉన్న అత్తరు ఒక చుక్క వేయించాను. ఎండలో ఆరేయించి, ఇస్త్రీ చేయించి, అప్పుడు సూది పట్టుకున్నాను. హెమ్మింగు విప్పి కాస్త పొడుగు వదిలాను, ఎదిగుంటుంది కదా. జేబు ఒకటి పెట్టి దాని మీద నీటికుక్కని కుట్టాను. నువ్వు రాసిన గుర్తులతో. ఆయన చూసి "బంగాళాదుంపకి మీసాలెందుకు?" అన్నాడు.

నాకు మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. దాన్ని వాసన చూడమను అక్కా. పువ్వులా ఉంటుంది.

నీ చెల్లి

మే 30

చెల్లీ,

ఇది నిదానంగా చదువు. ముందు మంచినీళ్ళు తాగు. ఎవరికీ ఏమీ కాలేదు, అది ముందే చెప్తున్నాను. డాక్టరమ్మ ఏమన్నా సరే, నీకు రాయకుండా ఉండలేను.

పార్శిల్ వస్తే ఎగురుకుంటూ విప్పింది. నేను ఫొటో తీద్దామని నిలబడ్డాను. గౌను మొహానికి ఆనించుకుంది. వాసన చూసింది. లోపలి వైపు తిప్పి మళ్ళీ చూసింది. చంకల దగ్గర చూసింది. తర్వాత దాన్ని కుర్చీ మీద పెట్టి, "అమ్మ నన్ను కడిగేసింది" అంది.

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. అన్నం వద్దంది, చెవి కూడా వద్దంది. పొద్దున క్యాంపులో నేరుగా పోయి నీటికుక్కల దగ్గర కూర్చుంది. నేను పిల్లల్ని ఇంకో టీచరుకి అప్పజెప్పి గొణుగుడు మేస్త్రి దగ్గరికి పోయాను. "ఈ పిల్లకి మీరేం చెప్పారు?" అన్నాను. ఆయన మీసం దగ్గర చెవి పెట్టి విన్నాను, మొదటిసారి.

కొత్త జంతువుని పాతదాని దగ్గరికి ఒక్కసారిగా వదలరట. వదిలితే కొరికి చంపుతుంది. ముందు కొత్తది పడుకున్న గోనెపట్టా తెచ్చి పాతదాని గదిలో వేస్తారు. అది కోపంతో దాన్ని పీకుతుంది, ఈడుస్తుంది, కొన్నాళ్ళకి దాని మీదే పడుకుంటుంది. అప్పుడు మధ్యలో ఇనప తీగల జాలీ పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనిస్తారు. ఆఖరికి తలుపు తీస్తారు. "ముందు వాసన, తర్వాత చూపు, ఆ తర్వాతే తోడు" అని పిల్లలందరికీ చెప్పాడట. "పట్టాని ఉతక్కూడదు" అని కూడా చెప్పాడట. నేను తలకాయలు లెక్కపెట్టుకుంటున్నాను.

పోయి దాని పక్కన కూర్చున్నాను. పాప వస్తే నీకేం కాదే, నువ్వు పాతదానివి, ఆ ఇల్లు నీది అన్నాను. అప్పుడు నా వైపు తిరిగి, మందమతికి చెప్పినట్టు చెప్పింది.

"నేను కాదు పెద్దమ్మా. అక్కడ అమ్మ పక్కన పాపే ఉంటుంది. నేను తర్వాత కదా వెళ్తాను. నేనే కొత్తదాన్ని. నా వాసన తెలీకపోతే కొరుకుతుంది."

"అమ్మకి నీ వాసన తెలీదా?"

"అమ్మ కడిగేసింది కదా."

నా వల్ల కాలేదే. జూ మధ్యలో, అంతమంది పిల్లల ముందు, ఏడ్చేశాను. అదే నా కళ్ళు తుడిచింది. ఇంకోటి కూడా విను. అమ్మని ఎందుకు అడగలేదే అంటే "అడిగితే నువ్వు ఉత్తరంలో రాస్తావు. అమ్మని కంగారు పెట్టకూడదు కదా" అంది. విందన్నమాట ఆ రోజు. ఇన్నాళ్ళూ నిన్ను కడుపులో పెట్టుకుని తిరిగింది, నేనేమో హాయిగా పడుకో అని రాశాను.

ఇప్పుడు మీ ఇంటికి రానంటోంది. ఇక్కడే ఉంటుందట. తప్పు నీది కాదు, నాది కాదు. కానీ ఏదో ఒకటి చెయ్యి.

అక్క

జూన్ 3

అక్కా,

ఎడమ పక్కకి పడుకుని ఏడిస్తే కన్నీళ్ళన్నీ ఒక్క చెవిలోకే పోతాయి. అది పట్టుకుని పడుకునే చెవి అదే.

ఇదిగో, నా దిండు గలీబు పంపుతున్నాను. ఈ నెలంతా పొట్ట కింద పెట్టుకుని పడుకున్నది. ఉతకలేదు. చిరుగు ఉంటే కుట్టాను, ఉతకని బట్ట మీదే. మా మాస్టారు చూస్తే చెవి మెలిపెట్టేవారు. దానికి చెప్పు, ఇది అమ్మది, పాపది కూడా, ఇద్దరిదీ. అమ్మకి బట్టలే తెలుసు, జంతువుల సంగతి తెలీదు, నువ్వే నేర్పాలి అని చెప్పు.

ఆ గౌను మళ్ళీ తొడుగు. సబ్బు తగలనివ్వకు. చేపల బకెట్ల దగ్గర కూర్చోబెట్టు. పేడ ఎత్తనివ్వు. కంపు కొట్టాక పంపు. తొందరగా పంపు, రోజులు దగ్గరపడ్డాయి.

నన్ను కడుపులో పెట్టుకుని తిరిగిందా అక్కా? ఆరేళ్ళ పిల్ల?

చెల్లి

జూన్ 8

చెల్లీ,

పని జరిగింది. గలీబు చేతికివ్వగానే వాసన చూసింది. ఒక మూల నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికింది. నేను లాగబోతే మీ బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు, "నీటికుక్క కూడా అంతేగా" అని. ఆ రోజు దాని మీదే పడుకుంది. నా చెవికి విముక్తి.

గౌను తొడుక్కుని, జేబు చూసుకుని, "ఇది బంగాళాదుంపా?" అంది. నాకేం తెలీదన్నాను.

నిన్న నీటికుక్కల మధ్య తలుపు తీశారు. పిల్లలందరినీ నోళ్ళు మూయించి కూర్చోబెట్టాం. చిన్నది వచ్చింది, ముసలిది బుసకొట్టింది, ఒకసారి తోక కొరికింది. నేను మొహం తిప్పేసుకున్నాను. నీ కూతురు మాత్రం "ఊరికే" అంది. తర్వాత రెండూ నీళ్ళలో దూకాయి. సాయంత్రానికి ఒకే పట్టా మీద పడుకున్నాయి. బుడంకాయ గౌను విప్పి ఇచ్చింది. "ఇప్పుడు పంపు" అంది.

పోస్టాఫీసులో గుమాస్తా మొహం చిట్లించి "ఏముందమ్మా ఇందులో?" అన్నాడు.

"మా చెల్లెలి కూతురు" అన్నాను.

అక్క

జూన్ 19

అక్కా,

ఇప్పుడు ఫోను చెయ్యొచ్చు. అయినా ఉత్తరమే రాస్తున్నాను. నోటితో చెప్తే సగం ఏడుపులోనే పోతుంది.

పాప పాప అనుకున్నాం గానీ బాబు పుట్టాడని ఆయన చెప్పే ఉంటాడు. గౌను సరిగ్గా ముందురోజు చేరింది. ఆసుపత్రికి పట్టుకెళ్తే నర్సు ముక్కు మూసుకుని "ఇది పిల్లాడి దగ్గర కుదరదు" అంది. పిల్లాడి దగ్గర కాదు, నా భుజం మీద అన్నాను. వాణ్ని ఎత్తుకున్నప్పుడల్లా ఆ భుజం మీదే వేసుకున్నాను. పాలు, చేపలు, ఏనుగు పేడ. వాడు పుట్టి పీల్చిన గాలి అది.

క్యాంపు అయ్యాక ఆయన దాన్ని తీసుకొచ్చాడు కదా. గుమ్మం దగ్గర ఆగిపోయింది. రావే అమ్మలూ అని చేతులు చాచాను. రాలేదు. గలీబు గుండెకి హత్తుకుని నిలబడి, "ముందు జాలీ ఉండాలి" అంది.

ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, నీ పుణ్యమా అని. వాడి మీద దోమతెర కప్పాను. అప్పుడొచ్చి తెరకి ముక్కు ఆనించి కూర్చుంది. వాడు లేచి గుక్కపట్టాడు. నేను తీయబోతే "అరవనీ అమ్మా. ముసలిది కూడా అరిచింది" అంది. వాడు అరిచి అరిచి ఆగాడు. ఇది తెర కింది నుంచి వేలు పెట్టింది. వాడు పట్టుకున్నాడు. వేలు అటూ ఇటూ ఊపి చూసి, "ఇంక తీసెయ్యొచ్చు" అంది.

తీసేశాను. అప్పుడు వచ్చి నా మెడ మీద పడి ఏడ్చింది చూడు అక్కా, నెలన్నర ఏడుపు. కంగారు పడకూడదని నాకింక ఎవరూ చెప్పక్కర్లేదు కదా, నేనూ ఏడ్చాను.

ఎక్కడ పడుకుంటుందని అడిగింది కదా అప్పుడు. కుడి పక్క వాడు, ఎడమ పక్క ఇది, నా చెవి దీని చేతిలో. ఎడమ పక్కకే పడుకోవాల్సిన మనిషిని ఇప్పుడు వెల్లకిలా పడుకుంటున్నాను, ఎటూ తిరగడానికి లేదు. గౌను మేకుకి తగిలించాను. ఉతకలేదు.

కింద అదేదో రాస్తానంటోంది.

నీ చెల్లి

పెద్దమ్మా, తమ్ముడు కొరకలేదు. వాడికి పళ్ళే లేవు. మేస్త్రికి చెప్పు.